దీక్షా శిబిరంలో కుక్కపిల్ల

ఇవాళ పొద్దున తార్నాకలో, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, చూపులేని ఒక అమ్మాయికి నేను అబద్ధం చెప్పాను. మర్యాదగా చెప్పాను. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి మరీ చెప్పాను.

ఆ అమ్మాయి హబ్సిగూడలో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. మా రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాటు అద్దెకు అడగడానికి వచ్చింది. ఫ్లాటు యజమాని ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మా అసోసియేషన్ కమిటీ. కారణం, ఆమె వెంట ఉన్న కుక్క. దారి చూపించే కుక్క. దాని వీపు మీద తోలు పట్టీ, ఆ పట్టీకి ఆమె పట్టుకునే పిడి. ఆమె ఆఫీసుకు వెళ్ళడం, రోడ్డు దాటడం, కూరగాయలు తెచ్చుకోవడం అన్నీ దానితోనే. ఇదివరకు ఉన్న లేడీస్ హాస్టల్‌వాళ్ళు కుక్కతో ఉండడానికి వీల్లేదన్నారు. ఇప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పిన్నిగారింట్లో ఉంటోంది. ఆ క్వార్టరు నెలాఖరుకు ఖాళీ చేయాలి.

"అప్పటికి ఇల్లు దొరక్కపోతే దీన్ని ఇచ్చిన ట్రస్టోళ్ళకు వాపస్ ఇచ్చెయ్యాల్సొస్తది సార్," అంది. బతిమాలినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

నేను అసోసియేషన్ సెక్రటరీని. నిన్న సాయంత్రమే కమిటీ కూర్చుని వద్దని తేల్చేసింది. మా కమిటీలో సగం మంది అటువాళ్ళు, సగం మంది ఇటువాళ్ళు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకరినొకరు చూసి మొహాలు తిప్పుకున్నవాళ్ళం. ఈ ఒక్క విషయంలో అందరం ఒకటైపోయాం. "మీరే చెప్పండి. మీరైతే మెత్తగా చెప్తారు," అన్నారు ప్రెసిడెంటుగారు.

మెత్తగానే చెప్పాను. "నాకైతే ఏ అభ్యంతరమూ లేదమ్మా. మా రూల్స్ ఒప్పుకోవు. బిల్డింగ్‌లో కుక్కలు ఉండకూడదు."

అలాంటి రూలు లేదు. మూడో అంతస్తులో ఒక పొమరేనియన్ కుక్క ఉంది. అది లిఫ్టులో ఎక్కినవాళ్ళందరి మీదా మొరుగుతుంది. దానికి పుట్టినరోజు చేస్తే నేను కేకు తిని వచ్చాను.

"ఆ రూలు ఒకసారి చదివి వినిపిస్తారా సార్?" అంది ఆమె.

"ఫైలు ప్రెసిడెంటుగారి దగ్గర ఉందమ్మా." ఇది రెండో అబద్ధం.

"సరే సార్," అని ఆమె కర్చీఫ్ బ్యాగులో పెట్టుకుంది. కుర్చీ కింద ఆ కుక్క ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. ఏదో ఒక మంచి మాట చెప్పి సాగనంపుదామనిపించింది నాకు. "మంచి కుక్కమ్మా," అంటూ వంగి దాని తల నిమిరాను.

అప్పుడు మాత్రం ఆమె మొహంలో కోపం కనిపించింది. "పట్టీ ఉన్నప్పుడు ముట్టుకోవద్దు సార్. డ్యూటీల ఉన్నది అది."

ఆ మాట నాకు కొత్త కాదు. ఒకప్పుడు సగం తార్నాకకు ఆ మాట నేనే చెప్పాను. నాకు నేర్పినవాడు పోయిన ఏడాది జనగామలో గుండె ఆగి చనిపోయాడు. ఉండి ఉంటే ఇవాళ నా మొహం చూసేవాడు కాదు.

ఆయన పేరు రాయడం లేదు. అది ఆయన పద్ధతే. ఎలాగో చెప్తాను.

నేను యూనివర్సిటీలో ఎంఏ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఆయన లా చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, నడుస్తుంటే భుజాలు ముందుకు వంగేవి. ఒకరోజు తార్నాక బస్టాప్‌లో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చంకలో ఒక లాబ్రడార్ పిల్ల.

"తమ్మీ, మీ ఇంటికి వరండా ఉన్నదా?"

ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నగరం చివర ఒక చిన్న ట్రస్టు ఉండేది. చూపులేనివాళ్ళకు తోడుండే కుక్కల్ని తయారుచేసేవాళ్ళు. కుక్కపిల్లల్ని ముందు కాలేజీ విద్యార్థులకు ఇచ్చి ఏడాదిపాటు పెంచమనేవారు. జనానికీ బస్సులకూ చప్పుళ్ళకూ బెదరకూడదు, కింద పడ్డ తిండి ముట్టకూడదు, చెప్పినచోట గంటల తరబడి కదలకుండా పడుకోవాలి. ఇవి అలవాటయ్యాక ట్రస్టువాళ్ళు వెనక్కి తీసుకుని అసలు శిక్షణ ఇస్తారు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పిల్లకు ఒక నీలం గుడ్డ కోటు తొడగాలి. కోటు ఉన్నంతసేపూ డ్యూటీ. ఎవరూ ముట్టుకోకూడదు, ముద్దు చేయకూడదు, బిస్కట్ వేయకూడదు.

హాస్టల్లో కుక్కను ఉంచుకోనివ్వరు. పగలు ఆయన చూసుకుంటాడు, రాత్రికి ఎవరో ఒకరి వరండా కావాలి. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇల్లు. క్యాంపస్‌లో ఆ రోజుల్లో నేను నోరు విప్పితే నా యాస విని జనం తిరిగి చూసేవారు. అంతమంది ఉండగా ఈయన మా వరండానే ఎందుకు అడిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత అడిగితే, "మీ గేటుకు గొళ్ళెం గట్టిగున్నది," అన్నాడు.

అమ్మ మాత్రం ఖచ్చితంగా చెప్పింది. "ఉద్యమాలు చేసుకునేవాళ్ళు ఉద్యమాలు చేసుకోక ఈ కుక్కపిల్లలేవిట్రా? వరండా దాటి లోపలికి అడుగు పెట్టిందంటే ముగ్గుర్నీ బయటికి గెంటుతాను."

పేరు పెట్టే దగ్గర హాస్టల్ కుర్రాళ్ళు 'జై' అని పెట్టమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "పొద్దున లేస్తే క్యాంపస్‌ల ఎన్ని వేల మంది జై అంటరు? ప్రతొక్కడు పిల్సిండనుకుని ఇది లేస్తనే ఉంటది. సావగొడ్తరా దాన్ని?" చివరికి రంగును బట్టి 'జొన్న' అని పెట్టాడు.

ఎందుకు పెంచుతున్నావన్నా అని అందరూ అడిగేవారు. అడిగినవాడిని బట్టి జవాబు మారేది. వార్డెన్‌కు "కంపల్సరీ ప్రాజెక్టు సార్" అని. అమ్మాయిలకు "నాతోని మాట్లాడెటోళ్ళు ఎవలు లేరు" అని. ఎస్సైకి "ఇది సాక్షి" అని. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

కాలేజీ ముందు రిలే నిరాహార దీక్షల శిబిరం ఉండేది. రోజూ కొంతమంది విద్యార్థులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా కూర్చునేవారు. జొన్నకు బడి అదే. డప్పులు, మైకులు, నినాదాలు, ఉపన్యాసాలు. వాటన్నిటి మధ్య ఆయన కుర్చీ కింద అది పడుకోవడం నేర్చుకుంది. "ఇంతకంటె మంచి జాగ యాడ దొర్కుతది తమ్మీ?" అనేవాడు. "క్యాంటీన్ల కూసుంటె ప్రతొక్కడు సమోస ముక్క ఏస్తడు. గీడ తినెటోడే లేడు." సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవారు. కొన్నాళ్ళకు నిమ్మకాయ కోసిన వాసన రాగానే జొన్న లేచి ఒళ్ళు విరుచుకునేది. డ్యూటీ అయిపోయిందని దాని లెక్క.

ఆ రోజు దీక్షలో కూర్చున్నవాళ్ళ పేర్లు సుద్దముక్కతో నల్లబోర్డు మీద రాసేవారు. పేపర్లవాళ్ళు అవి రాసుకుని వెళ్ళేవారు. తన వంతు వచ్చినప్పుడు ఆయన తన పేరు రాయనివ్వలేదు. "జొన్న అని రాయి. నేను పొద్దుగాల ఇడ్లీ తిన్న. అది తినలే." మర్నాడు ఒక పేపర్లో దీక్షలో కూర్చున్న విద్యార్థుల పేర్లలో 'జొన్న' కూడా అచ్చయింది. ఆ ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు.

ఆయనకు కోపం ఎక్కువ. అయితే అరిచేవాడు కాదు. ఎవరైనా అడ్డుకుంటే అక్కడే కింద కూర్చునేవాడు. కూర్చుని ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఎవల జాగ ఇది?"

తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో అదే జరిగింది. యజమాని మంచివాడే. "కుక్కను బయట కట్టేసి రా భాయ్. గిరాకీ పోతది," అన్నాడు నవ్వుతూనే.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన జొన్న పడుకుంది. "హోటల్ నీది సేటూ. మెట్టు ఎవల జాగ? రోడ్డు మీదికొచ్చింది గదా. చాయ్ గీడికే పంపు."

జనం ఆయన్ని దాటుకుంటూ లోపలికి వెళ్తున్నారు, కప్పులు పట్టుకుని దాటుకుంటూ బయటికి వస్తున్నారు. నాకు సిగ్గేసి, "పోదాం పద అన్నా. మెత్తగానే చెప్పాడుగా ఆయన," అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇవాళ సెల్లార్‌లో గుర్తొచ్చింది. "మెత్తగ చెప్తే కాదన్నట్టు కాదా తమ్మీ? రేపు కండ్లు లేనామె వచ్చి గీడ నిలబడ్తది. ఆమెకు గూడ గింత మెత్తగనే చెప్తడు. ఆమె ఏ మెట్టు మీద కూసోవాలె?"

చివరికి సేటు మూల బల్ల ఇచ్చాడు. కొన్నాళ్ళయ్యాక తమాషా ఏమిటంటే, ఒకరోజు కోటు వేయకుండా జొన్నను తీసుకెళ్తే ఆ సేటే గుమ్మంలో ఆపాడు. "యూనిఫాం లేదు. నై చల్తా."

టియర్ గ్యాస్ రోజు గురించి కూడా చెప్పాలి. హాస్టళ్ళ వైపు నుంచి ఉరుకుతూ వచ్చాడు. తన కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. తడి కర్చీఫ్ మాత్రం కుక్కపిల్ల మొహానికి కట్టి ఉంది. మా గేటు తోసుకుని వరండాలో కూలబడ్డాడు. అమ్మ బయటికి వచ్చి చూసింది. జొన్నను ఎత్తుకుని వరండా దాటి, హాలు దాటి, స్నానాల గదిలోకి తీసుకెళ్ళి కళ్ళు కడిగింది. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి కడిగింది. కడుగుతున్నంతసేపూ తిట్టింది. "చదువుకునే పిల్లల మీద, నోరులేని దాని మీద పొగ వదులుతారా? ఏ తల్లి కన్న బిడ్డలో ఏవిటో. నువ్వు కళ్ళు మూసుకోవయ్యా బాబూ. నాతో వాదించకు."

"వాదిస్తలేనమ్మా. మండుతున్నది."

అమ్మకు రాష్ట్రం విడిపోవడం ఇష్టం లేదు. ఆ మాట ఆయన ముందే అనేది. ఆయన కూడా అమ్మ పెట్టిన ఉప్మా తింటూనే ఆమెతో వాదించేవాడు.

ఇక అట్టముక్క సంగతి. నాయకుల ఫోటోలను గాడిదల మెడలో, కుక్కల మెడలో కట్టి ఊరేగించడం అప్పట్లో మామూలు. ఒక మధ్యాహ్నం శిబిరం కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు ఒక అట్టముక్క పట్టుకుని వచ్చారు. దాని మీద క్యాంపస్ అంతా తిట్టుకుంటున్న ఒక నాయకుడి ఫోటో.

"అన్నా, జొన్నను జెర ఇయ్యి. ఊరేగింపుల ముంగట నడిపిస్తం. టీవీలోళ్ళు వస్తున్నరు."

"గా అట్ట ఏంది?"

"మెడల కడ్తం."

"కట్టద్దు."

"ఏమైతదే? కుక్కనే గదా."

"వాన్ని తిట్టనీకి మీకు నోర్లున్నయ్. దాని మెడ ఎందుకు? రేపు ఇది ఒకలను పట్టుకోని రోడ్డు దాటిస్తది. కుక్క అంటె తిట్టు అని నువ్వే ఊరేగించి చెప్తె, దాన్ని ఎవడు బస్సెక్కనిస్తడు? ఎవడు ఇంట్లకు రానిస్తడు?"

వాళ్ళలో ఒకడు నా వైపు చూసి నవ్వాడు. "అన్న కుక్క రాత్రి ఆంధ్రోళ్ళింట్ల పంటది. వాళ్ళ పాలు తాగి పెరిగింది. ఇగ గట్లనే ఉంటది మరి." అందరూ నవ్వారు.

"పంటది," అన్నాడు ఆయన. "మొన్న గ్యాస్ కొడ్తె మీరు దీన్ని తొక్కుకుంట ఉరికిన్రు. గా ఇంట్ల అమ్మ కండ్లు కడిగింది. యాడ పండాల్నో దానికి ఎర్కనే."

మాటా మాటా పెరిగింది. అలాగైతే శిబిరంలో కూర్చోవద్దని ఆయనతో అన్నారు. ఆ రోజు బోర్డు మీదున్న జొన్న పేరు తుడిచేశారు. రాష్ట్రం కోసం లాఠీ దెబ్బలు తిన్న మనిషిని, ఒక కుక్కపిల్లను అవమానించనివ్వలేదని ద్రోహి అన్నారు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన లేచాడు. శామియానా బయట, ఎండలో, నేల మీద కూర్చున్నాడు. జొన్న పక్కన పడుకుంది. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. "కూసో తమ్మీ."

"నేనా?"

"దానికి గా పక్క ఎండ తగుల్తున్నది. నువ్వు కూసుంటె నీడైతది."

కూర్చున్నాను. భయపడుతూనే కూర్చున్నాను. నా యాసకు తోడు ఇప్పుడు నా ఇల్లు కూడా అందరికీ తెలిసింది. ఎవరో వచ్చి కాలర్ పట్టుకుంటారనుకున్నాను. అయినా కదల్లేదు. నేను కదిలితే జొన్న మీద ఎండ పడుతుంది.

సాయంత్రం శిబిరంలో నిమ్మకాయలు కోశారు. జొన్న ముక్కు పైకెత్తి, లేచి, ఒళ్ళు విరుచుకుంది. లోపల అందరికీ గ్లాసులు అందుతున్నాయి. మా దాకా ఎవరూ రాలేదు. ఆయన దాని వీపు తట్టాడు. "మనకింక ఇయ్యలే. కూసో."

మర్నాడు కూడా వెళ్ళి అక్కడే కూర్చున్నాం. ఆ మర్నాడూ. ఎవరూ పిలవలేదు, ఎవరూ తరమలేదు. ఎండలు ముదిరాయని ఒకరోజు శామియానాకు ఇంకో గుడ్డ కలిపి కట్టారు. ఆ గుడ్డ నీడ మా మీదికి వచ్చింది. అంతే. పొరపాటైందన్నా అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఏడాది నిండాక ట్రస్టు జీపు మా ఇంటి ముందుకు వచ్చింది. ఆయన వరండాలో కూర్చుని జొన్న నీలం కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. మడిచి నా చేతిలో పెట్టాడు. "డ్యూటీ అయిపోయింది. ఇగ ముట్టుకో తమ్మీ," అన్నాడు. ఆయన మాత్రం ముట్టుకోలేదు. గేటు బయటికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వరండా ఇప్పుడు లేదు. నాన్న రిటైరయ్యాక ఆ ఇంటిని బిల్డర్‌కు ఇచ్చాం. అదే ఇప్పుడు మా అపార్ట్‌మెంట్. జొన్న పడుకునే గోనెపట్టా ఉండే చోట లిఫ్టు ఉంది. అంతమంది పిల్లలు దెబ్బలు తిని తెచ్చుకున్న రాష్ట్రంలో, ఆ వరండా ఉన్నచోటే, ఒక అమ్మాయిని లిఫ్టు ఎక్కనివ్వకుండా నేను ఆపాను. చదువుకునే రోజుల్లో కాలర్ పట్టుకుంటారన్న భయంలో కూడా కదలనివాణ్ణి. ఇవాళ నన్ను బెదిరించినవాడు లేడు. ప్రెసిడెంటుగారు నొచ్చుకుంటారు, అంతే. ఆ మాత్రానికే అబద్ధమాడాను.

మధ్యాహ్నం అసోసియేషన్ గ్రూపులో పెట్టాను: "కుక్కలు ఉండకూడదనే రూలు మనకు లేదు. పొద్దున నేను ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాను." తర్వాత ఫోన్ కట్టేసి లాలాగూడ వెళ్ళాను. క్వార్టర్స్‌లో వాకబు చేస్తే కుక్క ఉన్న ఇల్లు వెంటనే చూపించారు.

"నేను పొద్దున చెప్పింది అబద్ధమమ్మా. అలాంటి రూలు లేదు," అన్నాను గుమ్మంలోనే.

"తెలుసు సార్."

"ఎలా?"

"మీ లిఫ్టు దగ్గర ఇది ఆగి వాసన చూసింది. ఇంకో కుక్క ఉంటెనే గట్ల చేస్తది." కుక్క మెడ మీద చెయ్యి వేసి, "ఇప్పుడు ఎందుకొచ్చిన్రు సార్? సారీ చెప్పనీకా?" అంది.

"కాదు. తీసుకెళ్ళడానికి."

ఆమె వెంటనే లేవలేదు. పిన్నితో లోపల ఏదో మాట్లాడింది. తర్వాత పట్టీ తొడిగింది.

ఫ్లాటు తాళం అసోసియేషన్ దగ్గరే ఉంటుంది. గ్రూపులో నా మాట చూసి, ఆమెకు తాళం ఇచ్చేస్తాననుకున్నారో ఏమో, మేము వచ్చేసరికి దాన్ని చేతిలో పట్టుకుని ప్రెసిడెంటుగారు లిఫ్టు ముందు నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు కమిటీ సభ్యులు. "గ్రూపులో అలాంటివి పెడతారా అండీ? మీటింగ్ పెట్టుకుని నిదానంగా నిర్ణయిద్దాం. ఈలోపు ఆవిణ్ణి—"

నేను కింద కూర్చున్నాను. లిఫ్టు తలుపు ముందు, గచ్చు మీద.

"ఏవిటిది? లేవండి. ఎవరైనా చూస్తే బాగుండదు."

"ఇది ఎవరి జాగా సార్?" అన్నాను.

"ఏమైంది సార్?" అని ఆమె అడిగింది.

"ఏం లేదమ్మా. కూర్చున్నాను."

ఆమె కుక్కకు ఏదో చెప్పింది. అది నా పక్కనే పడుకుంది. ఆమె నిలబడే ఉంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మూడో అంతస్తు పొమరేనియన్ షికారు నుంచి తిరిగొచ్చి మా మీద మొరిగింది. ఇది చెవి కూడా కదపలేదు. ఎవరో నవ్వారు. ప్రెసిడెంటుగారు నవ్వలేదు.

"సరే, సరే. ఒక నెల ఉండనివ్వండి. చూద్దాం," అన్నారు చివరికి.

"ఏం చూస్తరు సార్?" అని అడిగింది ఆమె.

ప్రెసిడెంటుగారు తాళం నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయారు.

రెండో అంతస్తులో తలుపు తీశాను. ఆమె గోడలు తడుముకుంటూ అన్ని గదులూ తిరిగింది. కిటికీలు ఎటున్నాయో అడిగింది. తర్వాత వంగి పట్టీ విప్పింది. కుక్క ఒళ్ళు విదిలించుకుని ఖాళీ గదులన్నీ వాసన చూసి, నా కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది. ఇప్పుడు ముట్టుకోవచ్చని ఆమె అనలేదు. ముట్టుకోవచ్చా అని నేను అడగలేదు.

సెల్లార్ నుంచి కుర్చీ తెచ్చి ఆమెకు ఇచ్చి కిందికి మా ఇంటికి దిగాను. అమ్మ బీరువా అడుగున ఆ నీలం కోటు ఇంకా ఉంది. తీసి ఉతికి, లిఫ్టు పక్కన గ్రిల్‌కు ఆరేశాను. నీళ్ళు కారుతున్నాయి. తెల్లారేసరికి ఆరకపోతే అక్కడే ఉంచుతాను. ఎవరైనా ఎవరిదని అడిగితే చెప్తాను.